ఆహార్యము నుండి సాత్త్వికమునకు: అలెక్ గిన్నిస్ నటజీవితము

ఆంగ్లదేశపు రంగస్థలమున ఇరువదవ శతాబ్దిలో వెలసిన మహానటులను గూర్చి ముచ్చటించువారు జాన్ గీల్‌గుడ్ కంఠమాధుర్యమును, లారెన్స్ ఒలివియే దేహవిక్రమమును మొదట స్మరించి, అటుపిమ్మట అలెక్ గిన్నిస్ ప్రసక్తి వచ్చినప్పుడు, ఆయనకు ఇట్టిదని వేలుపెట్టి చూపదగిన కంఠము గాని రూపము గాని లేకపోవుటచేత, ‘వేయి ముఖముల నటుడు’ అను బిరుదుతో సరిపెట్టుకొందురు. ఆ బిరుదు సగము సత్యమే. మన నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. వేషభూషలు, ముఖమునకు పూయు రంగులు, పెట్టుడుజుట్టు, పెట్టుడుముక్కు మొదలైనవన్నియు ఆహార్యమునకు చెందినవి. చిత్తము ఏకాగ్రమై పాత్రయందు లీనమైనప్పుడు నటుని ప్రయత్నము పైకి కానరాకుండ ముఖమున తోచునది సాత్త్వికము. గిన్నిస్ కీర్తికి ఆదియందు ఆహార్యమే ఆధారమైనను, వయస్సు పెరిగిన కొలదిని ఆయన ఆ హంగులను ఒక్కొక్కటిగా విసర్జించి, తుదకు ఒక కళ్లజోడు, ఒక కోటు తప్ప మరేమియు లేకుండ గంటల తరబడి ప్రేక్షకుని కట్టిపడవేయగల స్థితికి చేరెను. ఆయన జీవితమున నన్ను ఆకర్షించినది ఈ ప్రయాణమే. వేయి ముఖములు ధరించుట నేర్పరితనము. వాటిని తీసివైచి నిలువగలుగుట అంతకంటె ఎంతో కష్టసాధ్యమైన విద్య.

గిన్నిస్ 1914 ఏప్రిల్ 2వ తేదీన లండన్ నగరమున మెయిడా వేల్ అను పేటలో జన్మించెను. తల్లి ఆగ్నెస్ కఫ్. జననపత్రమున తండ్రి పేరు వ్రాయవలసిన స్థలము శూన్యముగా విడువబడినది. ‘గిన్నిస్’ అనునది అందు బిడ్డపేరులో ఒక భాగముగా కలదే కాని, ఫలానివారి వంశనామమని తెలుపు ఆధార మేదియు లేదు. తల్లి కొంతకాలమునకు స్టివెన్ అను సైనికోద్యోగిని వివాహమాడగా, బాలుడు ఆ యింటిపేరుతోనే పెరిగి, పదునాలుగవ యేట గాని తన అసలు పేరు గిన్నిస్ అని యెరుగడయ్యెను. ఆ మారుతండ్రి క్రూరుడు. అతని చేతిలో తాను పడిన భయము గిన్నిస్ వృద్ధాప్యమున వ్రాసిన ఆత్మకథలో ఇంకను వణకుచున్నట్లే యుండును. బాలుని చదువునకు ధనమిచ్చుచు, అప్పుడప్పుడు వచ్చి చూచిపోవుచుండిన ఆండ్రూ గెడ్డెస్ అను స్కాట్లండు దేశపు బ్యాంకరే జనకుడై యుండునని జీవితచరిత్రకారులు తలంతురు కాని, అది నేటికిని ఊహయే. అద్దెగదులు మారుచు, అప్పులవారి కన్నుగప్పి తిరుగు తల్లితో పెరిగిన ఈ బాలునకు తనదని చెప్పుకొన దగిన పేరును స్థిరముగా లేదు, ఇల్లును స్థిరముగా లేదు. ఇతరుల రూపములలో తలదాచుకొను కోరిక అతనికి అచ్చటనే అంకురించినదని చెప్పుట సులభము. కాని అనాథప్రాయులైన బాలు రెందరో కలరు, వారందరును నటులు కాలేదు. కావున ఆ కారణమును నేను ఎక్కువగా సాగదీయను.

అతని బాల్యమున వెలుగు నింపినది వినోదశాల. ఆ దినములలో లండన్‌లో నెల్లీ వాలెస్ అను హాస్యనటి వికృతవేషములతో, వింతనడకతో జనులను నవ్వులలో ముంచుచుండెను. ఆమెను కొలీసియం నాటకశాలలో చూచిన ఆరేండ్ల బాలుడు ఆమెపై పెంచుకొన్న ఆరాధనను గిన్నిస్ తన ఆత్మకథలో వర్ణించెను. మహాకవుల నాటకములలో నటించి ప్రఖ్యాతుడైన వాడు తన తొలిగురువుగా ఒక వినోదశాల విదూషకురాలిని పేర్కొనుటలో ఎంతటి నిజాయితీ కలదో పాఠకులు గుర్తింతురు గాక. ఈస్ట్‌బోర్న్‌లోని పాఠశాలలో ‘మాక్బెత్’ నాటకము వేసినప్పుడు అతనికి దూతవేషము లభించెను. దూత పరుగెత్తుకొని వచ్చి వార్త చెప్పవలెను గదా యని, ఆ కుర్రవాడు తన వంతు వచ్చుటకు ముందు క్రీడాస్థలము చుట్టును నిజముగనే పరుగెత్తి, రొప్పుచు వేదిక నెక్కెను. దేహము నిజముగా అనుభవించినది ముఖమునకు తానే చేరునన్న నమ్మకము ఆ పరుగుతో మొదలై అరువదేండ్లు నిలిచినది.

చదువు ముగిసిన పిమ్మట అతడు లండన్‌లో ఒక ప్రకటనల సంస్థలో వాక్యములు వ్రాయు గుమాస్తాగా చేరెను. అప్పు డతనికి పదునెనిమిదేండ్లు. జీతపురాళ్లలో మిగిలినది నాటకములకు, పాఠములకు చెల్లిపోవుచుండెను. మార్టిటా హంట్ అను ప్రసిద్ధనటి కొన్నిదినములు పాఠము చెప్పి, ఇతనికి నటన అబ్బదని నిరుత్సాహపరచినను, అతడు పట్టు విడువలేదు, ఆమెయు తుదకు విద్య చెప్పకపోలేదు. అటుపిమ్మట ఫే కాంప్టన్ నటనాలయమున చేరి, బహుమానమును పొందెను. ఆ పరీక్షకులలో గీల్‌గుడ్ ఒకడు. తన యిరువదవ జన్మదినమున, అనగా 1934 ఏప్రిల్ 2వ తేదీన, హామర్‌స్మిత్‌లోని కింగ్స్ థియేటరున ‘లైబెల్’ అను నాటకములో ఒక్క మాటయు లేని చిన్నవకీలు వేషముతో వృత్తినటుడయ్యెను. అదే సంవత్సరము మరియొక నాటకమున చీనాకూలిగా, ఫ్రెంచి సముద్రచోరుడుగా, ఆంగ్లనావికుడుగా ముమ్మారు వేషము మార్చి కనబడెను.

ఆకలి యెట్టిదో ఆ దినములలో అతడు బాగుగా నెరుగును. పని యిప్పింపుమని గీల్‌గుడ్‌ను ఆశ్రయించినప్పుడు ఆ మహానటుడు ఇరువది పౌండ్ల నోట్లు ముందుంచి తీసికొమ్మనగా, జేబులో నాలుగు పెన్నీలకు దిక్కులేని ఆ యువకుడు అభిమానముచేత వలదని వచ్చివేసెను. గీల్‌గుడ్ అతనిని మరువలేదు. 1934 చివర తాను న్యూ థియేటరున ప్రదర్శించిన ‘హామ్లెట్’లో ఆస్రిక్ వేషమిచ్చెను. అభ్యాసములు జరుగుచుండగా ఒకనాడు విసుగెత్తి, పోయి నటన నేర్చుకొని వారమునకు రమ్మని పంపివేసినను, ఆ వారము లండన్ వీధులలో దిక్కుతోచక తిరిగి వచ్చిన శిష్యుని పనిని మెచ్చుకొనెను. గురుశిష్యుల నడుమ ఇట్టి కాఠిన్యము, ఇట్టి వాత్సల్యము మన నాటకసమాజములకు క్రొత్త కాదు.

మరుసటి యేట నోవహు నావకథను ప్రదర్శించిన నాటకములో గిన్నిస్ తోడేలు వేషము వేయగా, మెరులా సాలమాన్ అను యువతి పెద్దపులి వేషము వేసెను. 1938లో ఇరువురకును వివాహము జరిగినది. ఆ దాంపత్యము అరువదిరెండేండ్లు నిలిచినది. ఆ సంవత్సరమే టైరోన్ గత్రీ నిర్దేశకత్వమున ఓల్డ్ విక్ రంగస్థలముపై ఆధునికవేషములతో, ఒక్క పంక్తియు కత్తిరింపక ప్రదర్శించిన ‘హామ్లెట్’లో ఇరువదినాలుగేండ్ల గిన్నిస్ నాయకుడయ్యెను. గొంతెత్తక, చేతులు విసరక, లోలోపల కుమిలిపోవు ఆ రాకుమారుని కొందరు నిస్తేజుడనిరి. మరికొందరు ఇట్టి హామ్లెట్‌ను మున్నెన్నడు చూడలేదనిరి. 1939లో డికెన్స్ రచించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలను తానే నాటకముగా మలచి, తాను హెర్బర్ట్ పాకెట్ వేషము వేసి, పూర్వము తనకు విద్య రాదన్న మార్టిటా హంట్‌తో మిస్ హావిషమ్ పాత్రను పోషింపజేసెను. ప్రేక్షకులలో కూర్చుండి యా నాటకమును చూచినవారిలో డేవిడ్ లీన్ అను చిత్రసంయోజకుడు ఒకడు.

ఇంతలో యుద్ధము వచ్చెను. గిన్నిస్ నౌకాదళమున చేరి, సైనికులను తీరమునకు దించు నౌక కధిపతియై 1943 జులైలో సిసిలీ దండయాత్రలో పాల్గొనెను. ముహూర్తము వాయిదా పడినదన్న సందేశము అందనందున ఆయన నౌక అందరికంటె ముందుగా తీరమును చేరినది. ఆలస్యముగా వచ్చి ఆక్షేపించిన పై యధికారితో, లండన్ నాటకశాలలలో ఎన్నిగంటలకు తెర లేచునని ప్రకటింతురో అన్నిగంటలకే లేచునని తాను బదులు చెప్పితినని ఆయన వ్రాసికొనియున్నాడు. వృత్తిధర్మము మనిషి నెంతలోతుగా పట్టియుండునో తెలుపుటకు ఈ యొక్క సంఘటనము చాలును.

యుద్ధానంతరము డేవిడ్ లీన్ ఆ డికెన్స్ నవలను 1946లో చిత్రముగా తీసి, హెర్బర్ట్ పాకెట్ పాత్రను గిన్నిస్‌కే ఒప్పగించెను. మిస్ హావిషమ్‌గా మరల మార్టిటా హంట్ వచ్చెను. రెండేండ్లకు ‘ఆలివర్ ట్విస్ట్’ తీయుచుండగా గిన్నిస్ ముసలిదొంగ ఫాగిన్ పాత్రను కోరెను. ముప్పదినాలుగేండ్లు నిండని, సౌమ్యముఖము గల ఈ యువకుడు ఆ పాత్ర కెట్లు తగునని లీన్ సందేహింపగా, వేషము వేసికొని వచ్చి చూపెదనని చెప్పి, స్టువర్ట్ ఫ్రీబోర్న్ అను రూపశిల్పి కల్పించిన గడ్డముతో, కొక్కెమువంటి నాసికతో, డికెన్స్ కాలపు చిత్రకారుడు క్రూక్‌షాంక్ గీచిన బొమ్మలనుండి నేరుగ దిగివచ్చినట్లు నిలిచెను. లీన్ మారుమాటాడలేదు. శిల్పముగా అది అద్భుతము. కాని యూదులను లక్షలాదిగా సంహరించిన మారణకాండ ముగిసి మూడేండ్లు గడచినంతనే ఆ నాసికను తెరపై చూచిన వారి హృదయములు గాయపడినవనుటయు సత్యమే. 1949లో బెర్లిన్ నగరమున యూదులు ఆ చిత్రమును ఎదిరించిరి; అమెరికాలో 1951 వరకు విడుదల కాలేదు, అయినప్పుడు కత్తిరింపులతో అయినది. బొమ్మలోని రేఖల కెంత విధేయుడైనను, ఆ రేఖలు ఎవరిని ఎట్లు అవమానించినవో నటుడును దర్శకుడును ఆలోచింపవలసి యుండెనని నా నిశ్చితాభిప్రాయము. ఆహార్యమున గల ఆపద మొట్టమొదట ఇచ్చటనే బయటపడినది.

ఆహార్యవిజయమునకు శిఖరము 1949లో ఈలింగ్ స్టూడియోవారు రాబర్ట్ హామర్ దర్శకత్వమున నిర్మించిన ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’. ఒక ప్రభుబిరుదము కొరకు దూరపు బంధువు ఒకడు తనకు అడ్డుగానున్న డాస్‌కాయిన్ వంశీయులను ఒక్కొక్కరినే తొలగించుకొనివచ్చు కథ అది. గిన్నిస్‌కు మొదట నాలుగు వేషము లీయజూపగా, ఎనిమిదియు నేనే వేసెదనని ఆయనయే కోరెను. వృద్ధపురోహితుడు, నౌకాసేనాని, సైన్యాధిపతి, ధనాగారాధిపతి, ఛాయాగ్రహణవ్యసనముగల యువకుడు, స్త్రీల హక్కులకై పోరాడు లేడీ అగతా, ఇత్యాది వేషములన్నియు ఒక్కరివే. ఒక దృశ్యమున చర్చిలో ఆ వంశీయు లార్గురు ఒక్క చట్రములో కూర్చుండి కనబడుదురు. నేటి యంత్రములు లేని ఆ కాలమున ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను నేలకు బిగించి, ఫిల్మున ఒక్కొక్క భాగమునకు మాత్రమే వెలుగు సోకునట్లు మూతలు అమర్చి, ఒక వేషమునకు తీసిన ఫిల్మును వెనుకకు త్రిప్పి, నటుడు గంటల తరబడి మరియొక వేషము వేసికొని వచ్చువరకు వేచియుండి, అదే ఫిల్ముపై మరల తీసెను. కెమెరా వెంట్రుకవాసి కదలినను పని అంతయు వృథా యగునని, రాత్రివేళ దానిని ఎవరును తాకకుండ తాను స్టూడియోలోనే దానిప్రక్కన నిద్రించెను.

ఆ చిత్రమును శ్రద్ధగా చూచువారికి ఒక విశేషము తోచును. మీసముల, టోపీల సంగతి యట్లుండగా, ఎనిమిది మందికి ఎనిమిది నడకలు కలవు. పాత్రయొక్క నడక దొరకనిదే పాత్ర తనకు దొరకదని గిన్నిస్ నమ్మకము. వీధిలో అపరిచితుల వెనుక నడచుచు వారి అడుగులను అభ్యసించుట ఆయన అలవాటు. రంగు కడిగివేసినను పోనిది ఆ నడక. తరువాతి కాలమున హంగులన్నియు వదలుకొన్నను ఆయన నిర్ధనుడు కాకపోవుటకు కారణమిదియే. అటుపిమ్మట అదే స్టూడియోలో వచ్చిన ‘లావెండర్ హిల్ మాబ్’, ‘మాన్ ఇన్ ది వైట్ సూట్’, ‘లేడీకిల్లర్స్’ చిత్రములు ఆయనను బ్రిటిషు హాస్యమునకు ప్రతినిధిగా లోకమంతట ప్రసిద్ధుని చేసినవి.

చిత్రసీమలో ఇట్లు వెలుగుచుండగనే రంగస్థలమున గొప్ప పరాజయము సంభవించెను. 1951 మేలో తానే నిర్దేశకుడుగా న్యూ థియేటరున మరల ‘హామ్లెట్’ను ఎత్తుకొనెను. ప్రథమప్రదర్శనమునాడు దీపముల యంత్రము క్రమము తప్పి, వెలుగు ఉండవలసినచోట చీకటియు, చీకటి ఉండవలసినచోట వెలుగును పడినవి. విమర్శకులు మరునాడు దయ చూపలేదు. ఆయన తననుతానే నిందించుకొనెను. అయినను రెండేండ్లకు, కెనడా దేశమున స్ట్రాట్‌ఫర్డ్ అను చిన్నయూరిలో గత్రీ క్రొత్త నాటకోత్సవమును తలపెట్టి పిలువగా, రాగలదో లేదో తెలియని ఆదాయమును లెక్కింపక తరలిపోయి, 1953 జులై 13వ తేదీ రాత్రి ఒక పెద్ద డేరాక్రింద మూడవ రిచర్డుగా ఆ యుత్సవపు మొదటి పలుకులు పలికెను. ఆ యుత్సవము నేటికిని ఏటేట జరుగుచున్నది.

1954లో చెస్టర్టన్ సృష్టించిన పత్తేదారు పురోహితుడు ఫాదర్ బ్రౌన్ వేషమున ఫ్రాన్సు దేశములో నటించుచు, ఒకనాటి సాయంకాలము వేషము విప్పకయే బసకు నడచిపోవుచుండగా, ఎవ్వరో యెరుగని పల్లెటూరి బాలుడు పరుగున వచ్చి, నిజమైన మతగురువే యనుకొని ఆయన చేయి పట్టుకొని, కబుర్లు చెప్పుచు చాలదూరము నడచి, నమస్కరించి వెడలిపోయెను. ఒక వస్త్రము ఇంతటి విశ్వాసమును కలిగింపగలదా యని గిన్నిస్ చలించిపోయెను. అంతకుముందే పదునొకండేండ్ల కుమారుడు మాథ్యూకు పోలియో సోకి కాళ్లు పడిపోగా, ఆయన ఒక కాథలిక్ చర్చికి పోయి కూర్చుండుచు మ్రొక్కుకొనెను. కుమారుడు కోలుకొనెను. 1956లో గిన్నిస్ తాను నివసించుచుండిన పీటర్స్‌ఫీల్డ్‌లోని చర్చిలో ఆ మతమును స్వీకరించెను. మరుసటి యేట, భర్త సింహళమున చిత్రీకరణములో నుండగా, మెరులాయు ఆయనకు చెప్పకయే స్వీకరించెను.

ఆ సింహళచిత్రమే ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై’. జపానీయులకు చిక్కిన బ్రిటిషు కర్నల్ నికల్సన్, నియమముకొరకు ప్రాణమైనను ఇచ్చునట్టి మూర్ఖధీరుడు, తుదకు శత్రువునకే వంతెన కట్టియిచ్చి ఆ వంతెనను ప్రేమించును. ఆ పాత్రయందు కొంత హాస్యచ్ఛాయ ఉండవలెనని గిన్నిస్, అక్కరలేదని లీన్. ఇరువురకును ఆ యడవులలో నిత్యము వాగ్వాదమే. అయినను లోకము మరువజాలని దృశ్యము ఒకటి అందు పుట్టినది. ఇనుపరేకుల గదిలో ఎండకు మాడ్చిన కర్నల్‌ను బయటికి తెచ్చి, శత్రువు కడకు నడిపింతురు. కాళ్లు తడబడుచుండును, మోకాళ్లు విడిపోవుచుండును, భుజములు మాత్రము సైనికక్రమమున నిలువుగా నుండవలెనని ఆ దేహము పెనుగులాడుచుండును. ముఖమున వేదన కానరాదు. పోలియోనుండి లేచిన తన బిడ్డ తొలిదినములలో వేసిన అడుగులను చూచి ఆ నడకను తాను తీసికొంటినని గిన్నిస్ చెప్పియున్నాడు. ఒక తండ్రి గుండెలో దాచుకొన్న దృశ్యము ఇట్లు లోకుల కంటికి కర్నల్ నడకగా కనబడినది. అందు పూత లేదు, పెట్టుడుముక్కు లేదు. ఎండ, చెమట, నడక అంతే. ఆ చిత్రమునకు వచ్చిన ఏడు ఆస్కార్ బహుమానములలో ఉత్తమనటుని బహుమానము ఆయనది. 1959లో రాణి ఆయనకు సర్ బిరుదము నిచ్చెను.

అంతకంటె గొప్పదని నేను తలచునది 1960లో వచ్చిన ‘ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ’. తనకు సహజముగా తగిన, నియమబద్ధుడై లోలోపల విరిగిపోవు కర్నల్ బారో పాత్రను కాదని, మోటుగా, ఉచ్చైఃస్వరమున నవ్వుచు, త్రాగుచు, సామాన్యసైనికుని స్థితినుండి పైకెదిగిన స్కాట్లండు మేజర్ జాక్ సింక్లేర్ పాత్రను గిన్నిస్ ఏరుకొనెను. బారోగా జాన్ మిల్స్ నటించెను. ఎర్రజుట్టు, యాస ఇచ్చట కూడ ఆహార్యమే యని ఆక్షేపింపవచ్చును. కాని చివరి సన్నివేశమున, తన చేష్టలవలన మరణించిన ప్రత్యర్థికి రాజలాంఛనములతో అంత్యయాత్ర నడపవలెనని ఉత్తరువులిచ్చుచు, లేని బ్యాగ్‌పైపులను తాను వినుచు, ఆ మోటుమనిషి బిడ్డవలె కూలిపోవునప్పుడు ఎర్రజుట్టు ఎవరికి జ్ఞాపకముండును? ఆయన దీనిని తన ఉత్తమమైన పాత్రలలో ఒకటిగా నెంచెను. లోకము నికల్సన్‌నే తలచును.

అదే సంవత్సరము రంగస్థలమున ‘రాస్’ నాటకములో టి.ఇ. లారెన్స్‌గా నటించి, రెండేండ్లకు లీన్ తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో అదే లారెన్స్‌కు ఎదురుగా నిలిచిన రాకుమారుడు ఫైసల్‌గా కనబడెను. 1964లో న్యూయార్క్‌లో కవి డిలన్ థామస్ వేషమునకు టోనీ బహుమానము పొందెను. ఆ దశాబ్దమున మరికొన్ని చిత్రములును కలవు. వాటిలో ఆయన స్థాయికి తగనివియు లేకపోలేదు.

1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’లోని ఓబీ-వాన్ కెనోబీ పాత్ర ఆయనకు ఎన్నడు నెరుగని ధనమును, ఎన్నడు కోరని కీర్తిని తెచ్చినది. ఆ సంభాషణలు ఆయనకు నచ్చలేదు. మిత్రులకు వ్రాసిన లేఖలలో ఆ మాట దాచలేదు. ఆ చిత్రమును నూరుమారులకు మించి చూచితినని చెప్పిన ఒక బాలునితో, ఇక ఎన్నడును చూడకుమని కోరి, అతని కన్నీటికి కారణమైతినని తుదిరచనలలో ఒకదానియందు వ్రాసెను. ఆ బాలుడు ఊహాలోకములోనే యుండిపోవునేమో యని ఆయన భయము. కాని తనకు నచ్చని మాటలను పలుకునప్పుడు కూడ ఆయన అశ్రద్ధ చూపలేదు. ఎడారిగుహలో కూర్చుండి పాతకాలపు ధర్మయోధులను గూర్చి యువకునకు చెప్పునప్పటి ఆ నెమ్మది, ఆ కన్నుల వెనుకనున్న దుఃఖము లేకున్నచో ఆ కథ బొమ్మలాటయై యుండెడిది. సాత్త్వికాభినయము దుర్బలమైన వాక్యమును సహితము నిలుపగలదనుటకు ఇది దృష్టాంతము.

ఇక ఆయన జీవితమునకెల్ల ఫలసిద్ధి యనదగిన పాత్ర వెండితెరపై రాలేదు, ఇంటింటి చిన్నతెరపై వచ్చినది. 1979లో బిబిసి వారు జాన్ లె కారే నవల ‘టింకర్ టెయిలర్ సోల్జర్ స్పై’ని ఏడు భాగముల ధారావాహికముగా నిర్మించి, పదవీచ్యుతుడైన గూఢచారి జార్జ్ స్మైలీ పాత్రను గిన్నిస్‌కు ఇచ్చిరి. నిజమైన గూఢచారి నొక్కని తాను చూడవలెనని ఆయన కోరగా, రచయిత బ్రిటిషు గూఢచారసంస్థకు పూర్వాధిపతియైన మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌ను భోజనమునకు పిలిచెను. భోజనమంతయు గిన్నిస్ వినయముగా వినుచుండెనే కాని ఎక్కువ మాటలాడలేదు. ఓల్డ్‌ఫీల్డ్ సెలవు తీసికొని పోగానే గిన్నిస్ లేచి, వీధివెంట పోవుచున్న ఆ పొట్టిమనిషి గొడుగును, నడకను కంటికి మరుగగువరకు చూచి, అతని చొక్కాచేతుల బొత్తాములను, పాదరక్షలను, మధుపాత్ర అంచున వ్రేలు త్రిప్పిన రీతిని గూర్చి రచయితను గ్రుచ్చిగ్రుచ్చి యడిగెను. పాఠశాలలో క్రీడాస్థలము చుట్టును పరుగెత్తిన కుర్రవాడే యీ అరువదేండ్లు దాటిన వృద్ధుడు.

ఆ ధారావాహికములో స్మైలీ చేయున దేమియు లేదు, వినును. ఎదుటివారు అబద్ధమాడుదురు, బొంకుదురు, ఏడ్తురు, గర్వింతురు. ఆయన కండ్లజోడు తీసి, మెడపట్టీ కొసతో తుడిచి, మరల పెట్టుకొనును. ఆ తుడుచు క్షణములో ప్రేక్షకునకు ఎదుటివాని అబద్ధమును తెలిసిపోవును, ఆ అబద్ధము స్మైలీని ఎంత బాధించినదియు తెలియును. భార్య చేసిన ద్రోహమును ఎవ్వరైనను ఎత్తినప్పుడు ముఖమున ఏ కండరమును కదలదు, చూపుమాత్రము ఒక్క వెంట్రుకపాటు ప్రక్కకు తొలగును. నాలుగు విధముల అభినయములో మూడింటిని ఇంచుమించు సున్నకు తెచ్చి, నాల్గవదానితోనే పాత్రనెల్ల నడిపిన ఇట్టి సాహసము తెరమీద నే నంతగా చూడలేదు. 1982లో దాని యుత్తరకథ ‘స్మైలీస్ పీపుల్’ వచ్చెను. అటుపిమ్మట స్మైలీని వ్రాయబూనినప్పుడెల్ల గిన్నిస్ కంఠమే తనకు అడ్డువచ్చెనని లె కారే చెప్పుకొనెను.

ఇంతటి దశకు చేరినవాడు 1984లో మరల రంగు పూసికొనుట విచారకరము. లీన్, ఫార్‌స్టర్ నవల ‘ఎ పాసేజ్ టు ఇండియా’ను బెంగుళూరు పరిసరములలోను, మరికొన్ని చోట్లను చిత్రీకరించుచు, ప్రొఫెసర్ గోడ్బోలే అను హిందూబ్రాహ్మణుని పాత్రను డెబ్బదియేండ్ల గిన్నిస్‌కు ఇచ్చెను. విక్టర్ బెనర్జీ, సయీద్ జాఫ్రీ, రోషన్ సేఠ్ వంటి భారతీయనటులు నిజమైన దేహములతో తిరుగుచున్న చిత్రమున, గోధుమరంగు పూత వేసికొన్న ఆంగ్లేయుడు తలపాగాతో కనబడినప్పుడు, మన కంటికి ఆ పాత్ర మన వీధులలో తిరుగు పండితుడుగా తోచలేదు. నమస్కరించు తీరులో, కూర్చుండు తీరులో అభ్యాసము కలదు, అలవాటు లేదు. ఆయన కష్టపడి నేర్చుకొన్న నృత్యమును లీన్ కూర్పులో తొలగించుటచేత మిత్రులిరువురికిని మనస్పర్థ కలిగెను. మునుపు 1961లో జపానీయునిగా వేసిన వేషమును ఇట్లే విఫలమైనది. ఒక జాతి మనిషిని పైపూతతో పట్టుకొనవచ్చునన్న భ్రమ ఆ తరపు ఆంగ్లచిత్రసీమకంతకును కలదు. గిన్నిస్ అందులకు అతీతుడు కాలేదు. గౌరవముతోనే ఈ మాట చెప్పుచున్నాను. ఫైసల్‌గా ఆయన కొంత నిలిచెనన్నచో అది పూతవలన గాక, ఆ పాత్రకు గల నిశ్చలతవలన.

ఆ తరువాత 1987లో డికెన్స్ నవల ‘లిటిల్ డారిట్’ చిత్రమున, అప్పుల చెరసాలలో జీవితము గడపిన విలియం డారిట్‌గా ఆయన మరల తన స్థాయికి లేచెను. అప్పులవారికి భయపడు తల్లిని బాల్యమున చూచినవాడు వేసిన వేషము అది. 1989లో ‘ఎ వాక్ ఇన్ ది వుడ్స్’ నాటకమున రష్యా రాయబారిగా లండన్ వేదికపై కడసారి నిలిచెను. 1985లో వెలువడిన ఆత్మకథ ‘బ్లెస్సింగ్స్ ఇన్ డిస్గైజ్’లో తన విజయములకంటె తన గురువులను, స్నేహితులను గూర్చియే ఎక్కువ పుటలు నింపెను. కడపటి దశలో రెండు దినచర్యలు ప్రకటించెను. తోట, కుక్కలు, పుస్తకములు, ప్రార్థన, మెరులా గీచిన చిత్రములు వాటిలోని విషయములు.

2000 ఆగస్టు 5వ తేదీన ఎనుబదియారవ యేట మిడ్‌హర్స్ట్‌లో అలెక్ గిన్నిస్ పరమపదించెను. ఆయనకు మొదటి మంచివేషమిచ్చిన గీల్‌గుడ్ ఆ మే నెలలోనే గతించియుండెను. మెరులా ఆ అక్టోబరులో భర్తను అనుగమించెను. గిన్నిస్‌ను నక్షత్రయుద్ధముల వృద్ధునిగా మాత్రమే యెరిగిన మన యువప్రేక్షకులకు, విశేషించి నటన నేర్చుకొను వారికి, నాదొక మనవి: మొదట ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’, పిమ్మట క్వై వంతెన, ఆ పిమ్మట ‘ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ’, చివర స్మైలీ ధారావాహికముయొక్క ఏడు భాగములును, ఈ వరుసలోనే చూడుడు, చూచునప్పుడు ముఖమును విడిచి, ముందుగా పాదములను గమనింపుడు.